కణంలోని పులుపు

నిమ్మరసంలో ముంచిన నీలి లిట్మస్ కాగితం ఎర్రబడడం పాఠశాల ప్రయోగశాలలో అందరూ చూచినదే. నాలుక గ్రహించే పులుపును కంటికి కనిపింపజేయడమే ఆ కాగితం పని. కాని పరీక్షింపవలసిన ద్రవం గిన్నెలో కాక, బ్రతికి ఉన్న కణంలో ఉంటే ఏ కాగితాన్ని ముంచాలి? కణాన్ని చీల్చితే దానిలోని వేర్వేరు గదుల ద్రవాలు కలిసిపోతాయి. అప్పుడు కొలిచేది కణపు ఆమ్లత్వం కాదు, దాని శిథిలాల ఆమ్లత్వం.

ఈ ప్రశ్న పాతదే. జీవకణాలు మింగిన లిట్మస్ రేణువులు లోపల ఎర్రబడడాన్ని 19వ శతాబ్ది చివరలోనే మెచ్నికోవ్ గమనించారు. లోపల పులుపు ఉన్నదని అలా తెలిసింది. ఎంత ఉన్నదో తెలియలేదు. ఆమ్లత్వాన్ని అంకెలలో చెప్పే పి.హెచ్. మానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. ఇందులో 7 తటస్థం. అంకె ఒకటి తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది.

కణద్రవ్యపు పి.హెచ్. సుమారు 7.2. అదే కణంలోని లైసోజోములలో అది 4.5కూ 5కూ మధ్య ఉంటుంది. అంటే ఒక పలుచని పొరకు ఇవతల ఉన్నదానికంటె అవతల ఆమ్లత్వం కొన్ని వందల రెట్లు ఎక్కువ. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ పేరు పెట్టిన ఈ లైసోజోములు కణానికి జీర్ణకోశాల వంటివి. వాటిలోని ఎంజైములు పులుపులోనే చురుకుగా పనిచేస్తాయి. పొర దాటి బయటపడితే చాలావరకు శక్తి కోల్పోతాయి. మన పూర్వులు జీర్ణశక్తిని జఠరాగ్ని అన్నారు. ఇక్కడ ఉన్నది నిప్పు కాదు, ఆమ్లం. అయినా హద్దులో ఉంచవలసిన అవసరం నిప్పుకు ఉన్నటువంటిదే.

ఔషధాల గతి కూడ ఈ పులుపుమీదనే ఆధారపడుతుంది. మలేరియాకు వాడిన క్లోరోక్విన్ బలహీనమైన క్షారం. అది ఆమ్ల గదిలోకి సులభంగా ప్రవేశించి, అక్కడ ప్రోటానును గ్రహించి, తిరిగి రాలేక చిక్కుపడుతుంది. మలేరియా పరాన్నజీవి విషయంలో ఇది మనకు మేలు. కాన్సర్ కంతుల చుట్టూ ఉండే ద్రవం తరచుగా ఆమ్లయుతం కనుక, కొన్ని క్షార ఔషధాలు ఇదే కారణంచేత కణంలోకి సరిగా చేరలేవు. కాబట్టి ఎక్కడ ఎంత పులుపు ఉన్నదన్నది వైద్యానికి అవసరమైన ప్రశ్న.

ఇందుకు చాలాకాలంగా ప్రతిదీప్తి రంగులను వాడుతున్నారు. అవి ఉపయోగకరమైనవే, కాని వెలుగు పడినకొద్దీ వెలిసిపోతాయి. మరొక మార్గానికి మూలం మన దేశంలోనే ఉన్నది. విశాఖపట్నంలో పాఠశాల విద్య అభ్యసించిన సి.వి. రామన్ 1928లో కలకత్తాలో ఒక విషయం కనుగొన్నారు. పదార్థంపై పడి చెదిరిన కాంతిలో అతిస్వల్ప భాగం, అణువుల కంపనాలకు అనుగుణంగా తన తరంగదైర్ఘ్యాన్ని మార్చుకొంటుంది. మనిషిని దస్తూరి పట్టి ఇచ్చినట్లు, ఆ మార్పు అణువును పట్టి ఇస్తుంది. అయితే ఆ దస్తూరి చాలా మసక. 1974లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్ బృందం గరుకైన వెండి ఉపరితలంపై దానిని అసాధారణ స్పష్టతతో చూచింది. లోహపు ఉపరితలమే ఆ కాంతిని లక్షల రెట్లు పెంచగలదని 1977లో ఇతరులు గ్రహించారు.

నానో శోధిని ఈ రెండింటి కలయిక. కొన్ని పదుల నానోమీటర్ల బంగారు రేణువుపై మెర్కాప్టో బెంజోయిక్ ఆమ్లపు అణువులను అతికిస్తారు. ఆ అణువు గంధకపు కొనతో బంగారాన్ని పట్టుకొంటుంది. రెండవ కొన చుట్టూ ఉన్న ద్రవంలో పులుపు ఎక్కువైతే ప్రోటానును గ్రహిస్తుంది, తగ్గితే విడిచిపెడుతుంది. ఈ రెండు స్థితుల కంపనాలు వేరు కనుక, చెదిరిన కాంతి వర్ణపటంలో వాటి రేఖలు కూడ వేరు. ఆ రేఖల తీవ్రతల నిష్పత్తిని తీసుకోవడంలోనే నేర్పు ఉన్నది. కణంలోకి పది రేణువులు చేరినా వంద చేరినా వెలుగు హెచ్చుతగ్గులవుతుందే కాని, నిష్పత్తి దాదాపు మారదు. 2007లో జానీనా క్నైప్ మొదలైనవారు ఎలుక కణాలలో ఇటువంటి శోధినులతో పి.హెచ్. కొలిచి, ఒకే కణంలో చోటునుబట్టి అది మారడం చూపారు.

ఈ కొలతను గుడ్డిగా నమ్మరాదు. కణం మింగిన రేణువు సాధారణంగా పొర బుడగలలోనే, చివరకు లైసోజోములోనే చిక్కుకొంటుంది. ఆ గది సంగతి చెప్పగలదే కాని, కణద్రవ్యం సంగతి చెప్పలేదు. పైగా కణంలోని ప్రోటీనులు రేణువును అంటుకొని దాని సంకేతాన్ని కొంత మార్చగలవు. అందుచేత పరిశోధకులు పి.హెచ్. ముందే తెలిసిన ద్రావణాలలో శోధినిని పరీక్షించి, ఏ నిష్పత్తికి ఏ అంకె అని పట్టిక తయారు చేసుకొంటారు. ఆ తరువాతనే దానిని కణానికి అందించి, రేణువు ఏ గదిలో చేరినదో సూక్ష్మదర్శినితో గుర్తిస్తారు.