జీను బిగించుట

హంపిలోని హజారరామాలయమును మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. 2021 వరకు అది మన బళ్ళారి జిల్లాలోనిదే. ఆ గుడి వెలుపలి ప్రాకారముపై ఒక వరుస ఏనుగులు, ఒక వరుస గుఱ్ఱములు చెక్కబడియున్నవి. విజయనగరమునకు మేలుజాతి గుఱ్ఱములు సముద్రము దాటి వచ్చెడివి. 1535 ప్రాంతమున ఆ రాజ్య చరిత్రమును వ్రాసిన నూనిజ్ అను పోర్చుగీసువాడు, రాయలు ఏటేట హొర్ముజు గుఱ్ఱములును దేశవాళివియు కలిపి 13,000 కొనుచుండెనని తెలిపినాడు. అంతకు ముందు నరసింహరాయలు, ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు తోక మాత్రము తెచ్చి చూపినను వెల యిచ్చెనట!

అంత వెలగల గుఱ్ఱముపై రౌతును నిలుపునది కడుపు క్రిందుగా పోవు ఒక పట్టీ. దానిని తంగు అందురు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మన పిల్లలు జీను అనగానే జేను అనుకొని తేనెను తలచుకొందురు. జీను పారసీక పదము, గుఱ్ఱముపై వేయు ఆసనము. కాలుంచు రికాబునకు అంకవన్నె యని మన ప్రాతమాట యొకటి కలదు.

తంగు బిగించు పద్ధతిని అమెరికా పశువుల కాపరుల జీనుతో నేర్చుకొనుట సులభము. దానికి ముందొకటి, వెనుకొకటి, రెండు తంగు లుండును. మొదట కంబళి పరచి, వెండ్రుకలు నిలువుగా లేవకుండ వెనుకకు జరిపి, జీను నుంచవలెను. ముందు తంగు ముందుకాలి మోచేతికి సుమారు నాలుగు వ్రేళ్ళు వెనుకగా రావలెను. మరీ ముందునకు వచ్చినచో అడుగడుగునకు చర్మమును ఒరయును. జీను ఎడమప్రక్కన వ్రేలాడు పొడుగు తోలువారును తంగు వలయములో దూర్చి, పైకి తెచ్చి, జీను వలయములో గ్రుచ్చి, మరల క్రిందికి లాగుదురు. ఇది నూతి గిలక వంటి ఏర్పాటు. చిన్న చేయి లాగినను బిగువు చాల పెరుగును. కావున ఒక్క ఊపున లాగరాదు. నొప్పి యెఱిగిన గుఱ్ఱము మఱునాడు జీను చూడగానే కఱవవచ్చును.

ఇందొక చిత్రము కలదు. తంగు బిగించునపుడు కొన్ని గుఱ్ఱములు ఊపిరి బిగబట్టి ఱొమ్ము నుబ్బించును. అప్పుడు బిగువుగా తోచినది నాలుగడుగులు నడచునప్పటికి వదులగును. అందుచే కొంచెము బిగించి, నడిపించి, మరల బిగించి, ఎక్కుటకు ముందు మూడవమాఱు చూడవలెను. తంగునకును ప్రక్కటెముకలకును నడుమ రెండు వ్రేళ్ళు చదునుగా దూరిన చాలును. స్వారిలో పది పదునైదు నిమిషములు గడచిన పిమ్మట దిగి, మరియొకసారి చూడవలెను.

వెనుక తంగు కడుపును తాకియుండవలెను గాని బిగియరాదు. మరీ వదులైనచో ఈగను తోలుటకు ఎత్తిన వెనుకకాలు అందు చిక్కుకొనును. రెంటిని కలుపు చిన్న పట్టీ లేనిచో అది వెనుకకు జారి పొత్తికడుపును ఒరయగా గుఱ్ఱము బెదరి ఎగురును. బిగించునపుడు ముందుది మొదట, విప్పునపుడు వెనుకది మొదట. ఈ క్రమమును మఱచుట ప్రమాదము. ముందుది విప్పి వెనుకది మఱచినచో, జీను జారి కడుపు క్రింద వ్రేలాడును. అట్టి గుఱ్ఱమును పట్టుట పెద్దలకును శక్యము కాదు.

నేడు మన యూళ్ళలో స్వారి చేయువారు అరుదు. కాని పెండ్లి ఊరేగింపులలో, జాతరలలో పిల్లవానిని గుఱ్ఱమెక్కించి ఛాయాచిత్రము తీయించు తలిదండ్రులు కలరు. జీనుపై జరీగుడ్డ కప్పియుండుటచే తంగు కంటికి కానరాదు. ఆ గుడ్డనెత్తి చూపుమని యజమానుని అడుగుటకు మనము మొగమాటపడుదుము. అడుగవలెనని మా అభిప్రాయము. కుట్లు విడినవా, తోలు బీటలు వాఱినదా, వలయము త్రుప్పు పట్టినదా చూచి, తామే రెండు వ్రేళ్ళు దూర్చి పరీక్షింపవలెను. జీను ప్రక్కకు జాఱినపుడు క్రిందపడుటకంటె, పాదము రికాబులో చిక్కి ఈడ్వబడుట ఎక్కువ భయంకరము. మడమలేని చెప్పులతో నున్న చిన్న పాదము రికాబులో నుండి ఆవలికి దూరిపోవును. కనుక ఆనాడు పిల్లవానికి మడమగల బూట్లు తొడుగుడు.