సస్పెన్షన్ విరిగితే తప్పెవరిది? ఏటీవీ నుంచి ఈ-స్కూటర్ దాకా ఒక పాఠం

రామంతాపూర్ నుంచి హబ్సిగూడ, తార్నాక మీదుగా ఓయూ క్యాంపస్‌కి రోజూ స్కూటర్ మీద వెళ్తున్నారనుకుందాం. ఒకరోజు స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు ఫోర్క్ విరిగి మీరు కింద పడ్డారు. "పార్ట్ విరిగింది, అందుకే పడ్డాను" అని మీరంటారు. "గట్టిగా గుద్దారు, అందుకే విరిగింది" అని కంపెనీ అంటుంది. ముందు జరిగింది ఏది? మొత్తం గొడవ ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. దీనికి జవాబు ఎలా వెతకాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

గొడవ పాతదే: ఏటీవీల కథ

ఏటీవీ అంటే లావు టైర్లతో బురదలో, ఇసుకలో తిరిగే ఆఫ్‌రోడ్ బండి. మన దగ్గర రిసార్టుల్లో, అడ్వెంచర్ పార్కుల్లో కనిపిస్తుంది. హోండా 1970లో తెచ్చిన మొదటి మూడు చక్రాల మోడల్‌కి సస్పెన్షనే లేదు. కుదుపులన్నీ బెలూన్ లాంటి టైర్లే తట్టుకోవాలి. 1980ల్లో అమెరికాలో ఈ బండ్ల ప్రమాదాలు బాగా పెరిగాయి. హెల్మెట్ పెట్టుకోవడం లేదు, చిన్నపిల్లలకి ఇస్తున్నారు, నడపడం రాకుండానే ఎక్కుతున్నారు అని కంపెనీలు వాదించాయి. అసలు మూడు చక్రాల డిజైన్‌లోనే బోల్తా పడే గుణం ఉందని విమర్శకులు అన్నారు.

చివరికి 1988లో హోండా, యమహా, సుజుకి, కవాసకి, పొలారిస్ అక్కడి ప్రభుత్వంతో 10 ఏళ్ల ఒప్పందానికి వచ్చాయి. కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగింది. దాంతోపాటు రైడర్లకి ట్రైనింగ్, వయసును బట్టి బండి సైజు లాంటి నియమాలూ వచ్చాయి. అంటే డిజైన్‌నీ సరిచేశారు, రైడర్‌నీ సరిచేశారు. రెండు తప్పులూ ఒకేసారి ఉండొచ్చు అన్నదే ఇక్కడి మొదటి పాఠం.

మన దగ్గర: ఓలా ఫోర్క్ వివాదం

2022 మే నెలలో ఓలా ఎస్1 ప్రో ముందు ఫోర్క్ విరిగిపోయిన ఫొటోలు సోషల్ మీడియాలో తిరిగాయి. తక్కువ స్పీడ్‌లోనే విరిగిందని కొందరు ఓనర్లు అన్నారు. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం గట్టిగా గుద్దుకున్న ప్రమాదాలేనని కంపెనీ చెప్పింది. ఫిర్యాదులు ఆగలేదు. 2023 మార్చిలో భయాలకి ఆధారం లేదంటూనే ఎస్1, ఎస్1 ప్రో ఓనర్లకి ముందు ఫోర్క్‌ని ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. దాన్ని రీకాల్ అనలేదు, అప్‌గ్రేడ్ అంది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రెండో తరం ఎస్1 ప్రోలో ఒంటి వైపు ఫోర్క్ పోయి, రెండు వైపులా టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చింది.

డిజైన్ మార్చినంత మాత్రాన పాతది లోపభూయిష్టమని రుజువైనట్టు కాదు. అలాగని "మా పార్ట్‌లు బాగా టెస్ట్ చేశాం" అన్నంత మాత్రాన మీ బండికి ఉన్న ఆ ఒక్క ఫోర్క్ బాగుందనీ కాదు.

డేటా ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇదే కంపెనీకి సంబంధించి 2022 మార్చిలో గువాహటిలో ఒక ప్రమాదం జరిగింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి స్లో అవ్వాల్సింది పోయి వేగం అందుకుందని రైడర్ తండ్రి ఆరోపించారు. కంపెనీ ఆ రైడ్ డేటాని ట్విట్టర్‌లో పెట్టి, రైడర్ ఓవర్‌స్పీడ్‌లో ఉన్నాడు, బండిలో లోపం లేదు అంది. ఒకరి రైడ్ డేటాని అలా బయట పెట్టొచ్చా అని పెద్ద చర్చే నడిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మీ స్కూటర్ సెన్సర్లు స్పీడ్, థ్రాటిల్, బ్రేక్ వంటివి రికార్డ్ చేస్తాయి. ఫోర్క్ లోపల పగులు ఉందో లేదో అవి చూడవు. రైడర్ వేగంగా వెళ్లాడన్నది నిజమే కావచ్చు, ఆ ఫోర్క్ అప్పటికే పగిలి ఉందన్నదీ నిజమే కావచ్చు. పైగా ఆ డేటా అంతా ఉండేది కంపెనీ సర్వర్‌లో. అందులోంచి ఏ ముక్క చూపించాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు.

విరిగిన లోహాన్ని చదవడం

రామంతాపూర్‌లోనే కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది. అలాంటి ల్యాబ్‌లకి కేసులు పోలీసులు, కోర్టుల ద్వారా వెళ్తాయి, మనం నేరుగా వెళ్లి ఇవ్వలేం. కానీ నిపుణులు లోహంలో ఏం చూస్తారో మనకి కొంచెం తెలిసినా చాలు.

- ఫెటీగ్: చిన్న పగులు వేల కుదుపులకి నెమ్మదిగా పెరిగి, ఒకరోజు విరుగుతుంది. విరిగిన చోట ఇసుక మీద అలలు వదిలినట్టు గీతలు కనిపించవచ్చు. చివర్లో ఒక్కసారిగా తెగిన భాగం మాత్రం గరుకుగా ఉంటుంది.
- ఓవర్‌లోడ్: ఒక్క పెద్ద దెబ్బకే విరగడం. ఆ అలల గీతలు ఉండవు. చాలాసార్లు పార్ట్ వంగి ఉంటుంది, రిమ్ కూడా సొట్టపోతుంది.
- తుప్పు: విరిగిన చోట అప్పటికే పాత తుప్పు ఉంటే, పగులు ఆ రోజు పుట్టింది కాదని అనుమానించాలి.

ఇవి అనుమానానికి ఆధారాలు మాత్రమే. తుది మాట మైక్రోస్కోప్ కింద చూసిన నిపుణుడిదే.

చట్టం ఎవరి వైపు?

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ప్రొడక్ట్ లయబిలిటీకి ప్రత్యేక అధ్యాయమే ఉంది. తయారీ లోపం, డిజైన్ లోపం, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం, ఇచ్చిన వారంటీకి తగ్గట్టు లేకపోవడం వంటి వాటికి తయారీదారు బాధ్యత వహించాలని సెక్షన్ 84 చెబుతుంది. సేఫ్టీ గురించి కచ్చితమైన వారంటీ ఇచ్చి అది తప్పయితే, "మేం నిర్లక్ష్యం చేయలేదు" అని నిరూపించుకున్నా తప్పించుకోలేరు.

మరోవైపు, బండిని దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మిన డీలర్ మీద కేసు నిలవదని సెక్షన్ 87 అంటుంది. బయట షాపులో సస్పెన్షన్ మార్పించుకునే ముందు, ముగ్గురిని ఎక్కించుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

1. ముందు ప్రాణం. హాస్పిటల్‌కి వెళ్లి, గాయాల రికార్డు తీసుకోండి.
2. బండిని కదిలించే ముందు రోడ్డు, గుంత, టైర్ గుర్తులు, రిమ్, విరిగిన చోటు ఫొటోలు, వీడియో తీయండి.
3. విరిగిన ముక్కల్ని కడగొద్దు, రెండు ముక్కల్నీ కలిపి రుద్దొద్దు. పొడిగా ప్యాక్ చేసి దాచండి.
4. సర్వీస్ సెంటర్‌కి పార్ట్ ఇవ్వాల్సి వస్తే రాతపూర్వక రసీదు తీసుకోండి.
5. ఆ రోజు పూర్తి రైడ్ డేటా ఇవ్వమని, డిలీట్ చేయొద్దని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి.
6. హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. తేలకపోతే 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. లోపం తేలాలంటే పరీక్ష అవసరమనుకుంటే కమిషనే శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపగలదు.

ఇక రైడర్‌గా మన వంతు కూడా ఉంది. నెలకోసారి ఫోర్క్ దగ్గర పగుళ్లు, ఆయిల్ లీక్ చూడండి. టక్ టక్ అని కొత్త శబ్దం వస్తే ఆ రోజే చూపించండి, జాబ్ కార్డ్‌లో రాయించండి. రేపు ఎవరైనా "మీరే సరిగ్గా చూసుకోలేదు" అంటే, ఆ జాబ్ కార్డే మీ జవాబు.