నైట్లీ వేసుకో, బ్యాంకు పని మాత్రం అందులో వద్దు



అల్లుడూ, లాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ నైట్లీ వేసుకుంటానన్నావు. వేసుకో. రాయల్పాడులో కూర్చుని రేపటి బ్రౌజర్‌ను ఇవాళే చూడ్డానికి పైసా ఖర్చు లేదు. దాని తీరు తెలుసుకుని దిగితే ఇంట్లో చీవాట్లు తప్పుతాయి, అంతే.

ఇంజినీర్లు రాసిన కొత్త కోడు ముందు నైట్లీలో పడుతుంది. అది మామూలుగా రోజుకు రెండుసార్లు మారుతుంది. కొన్ని వారాలు నలిగాక బీటాకు, అక్కడ కుదురుకున్నాక అందరూ వాడే వెర్షన్‌కు వెళ్తుంది. క్రోమ్‌లో ఈ పని చేసేది పసుపు గుర్తున్న కెనరీ, 2010లో వచ్చింది. ఆపిల్ 2016 నుంచి సఫారీ టెక్నాలజీ ప్రివ్యూ ఇస్తోంది. పొద్దున బాగా నడిచిన నైట్లీ సాయంత్రానికి తెరుచుకోకపోతే కంగారు పడకు. అది పుట్టిందే అందుకు.

అసలు జాగ్రత్త ప్రొఫైల్ దగ్గర. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, హిస్టరీ ఉండే ఫోల్డరు అది. 2019 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచి నైట్లీకి, మామూలు ఫైర్‌ఫాక్స్‌కు వేర్వేరు ప్రొఫైళ్లు వాటంతటవే ఏర్పడుతున్నాయి. కుర్రాళ్లు చెడగొట్టుకునేదల్లా పాత బుక్‌మార్కుల మీద మమకారంతో మామూలు ప్రొఫైల్‌నే నైట్లీలో తెరిచినప్పుడు. ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని ముట్టుకోనని మొండికేసి, కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది. నీ అసలు సింక్ ఖాతా కూడా నైట్లీకి ఇవ్వకు. అక్కడ పొరపాటున చెరిగిన బుక్‌మార్కు ఇక్కడా చెరిగిపోతుంది. పైగా నైట్లీ ఎలా నడుస్తోందో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు సమాచారం వెళ్తూ ఉంటుంది. నెట్ బ్యాంకింగ్, స్కాలర్‌షిప్ ఫారం, నాన్నగారి పహణి ఇవన్నీ మామూలు బ్రౌజర్‌లోనే.

ఇంత జాగ్రత్త పడి దీన్ని వాడటం దేనికంటావా? 2018 ఫిబ్రవరి సంగతి విను. ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో, అంటే మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తుతో, ఐఫోన్‌కు మెసేజీగా వస్తే యాప్ కుప్పకూలేది. తెరిస్తే మళ్లీ కూలేది. ఐఓఎస్ 11.2.5 వాడుతున్నవాళ్లు ప్రపంచమంతటా లబోదిబోమన్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. చిత్రమేమిటంటే, అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ జబ్బు లేదు!

ఆ కనపడని గుర్తు మనకు కొత్తేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపేది అదే. తెలుగులో రోజూ టైపు చేసేవాళ్లు పరీక్షిస్తే తప్ప ఇలాంటి లోపాలు బయటపడవు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన మీ శ్రీనివాసపుర తాలూకా పిల్లలకు రెండు లిపులూ చేతిలో పనే. నైట్లీలో ఒక ట్యాబులో ఈనాడు, మరో ట్యాబులో ప్రజావాణి తెరువు. వత్తులు కలుస్తున్నాయా, వెనక్కి చెరిపితే ఒక్క గుణింతం పోతోందా, అక్షరం మొత్తం పోతోందా చూడు.

లోపం దొరికితే మోజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు ఉంది. ఎప్పుడు బాగుందో, ఎప్పుడు చెడిందో చెబితే మధ్య తేదీ నైట్లీని తెచ్చి, ఖాళీ ప్రొఫైల్‌తో తెరుస్తుంది. బాగుందో లేదో నువ్వు చెప్పాలి. అలా సగానికి సగం తగ్గిస్తూ పోతే 100 రోజుల తేడా ఏడు విడతల్లో ఒక్క రోజుకు వస్తుంది. ఒక్కో డౌన్‌లోడు బరువే, డేటా ప్యాక్ చూసుకో.

తర్వాత ఆ లోపం గురించి మొజిల్లా వాళ్ల ఫిర్యాదుల సైటు బగ్‌జిల్లాలో ఇంగ్లీషులో రాయాలి. వచ్చీరాని ఇంగ్లీషైనా ఫరవాలేదు. వెర్షన్ నంబరు, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కావు, ఏం రావాల్సింది, ఏం వచ్చింది, ఒక స్క్రీన్‌షాట్. ఇవి ఉంటే చాలు. స్క్రీన్‌షాట్‌లో పాస్‌వర్డో ఫోన్ నంబరో లేకుండా చూసి మరీ పంపు.

ఇట్లు,
మామయ్య