నాలుగు గంటల తీరం

తెలుగువారికి సముద్రయానం కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజు అపహరించబోడని ఆ శాసనం ద్వారా వర్తకులకు మాట ఇచ్చాడు. శ్రీనాథుని ‘హరవిలాసం’ కృతిపతి అవచి తిప్పయసెట్టి దూరద్వీపాల నుంచి సుగంధద్రవ్యాలను తెప్పించిన వణిక్ప్రముఖుడు. అయితే ఆ వైభవమంతా రాజులదీ, వర్తకులదీ. ఓడలో తెడ్డు పట్టినవాని మాట, వంట వండినవాని మాట కావ్యాలలో మనకు దాదాపు వినిపించదు.

నేడు మహాసముద్రాలలో తిరుగాడే విహారనౌకలు తేలియాడే పట్టణాల వంటివి. ఈతకొలనులు, నాటకశాలలు, పది పన్నెండు అంతస్తుల గదులు వాటిలో ఉంటాయి. వేలమంది ప్రయాణికులకు సేవ చేయడానికి వందలాదిగా ఉద్యోగులు నీటిమట్టానికి దగ్గరగా ఉండే కింది అంతస్తులలో నివసిస్తారు. వంటశాలలో, భోజనశాలలో, గదుల శుభ్రతలో పనిచేసేవారిలో భారతీయులు గణనీయంగా ఉన్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన తెలుగు యువకులకూ ఇది ఒక జీవనోపాధి అయింది.

“జీతం తీసుకుంటూ లోకమంతా చూడవచ్చు” అన్న మాట ఈ ఉద్యోగం గురించి తరచుగా వినిపిస్తుంది. దూరపు కొండలు నునుపు! వైద్యపరీక్ష నెగ్గాలి. అగ్నిప్రమాదం సంభవించినప్పుడు, ఓడను విడవవలసి వచ్చినప్పుడు ఏమి చేయాలో శిక్షణ పొందాలి. సి.డి.సి. అనే నావికుల గుర్తింపు పుస్తకం సంపాదించాలి. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి పొందిన సంస్థ ద్వారానే ఉద్యోగంలో చేరడం క్షేమం. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని నుంచి రుసుము వసూలు చేయడం అంతర్జాతీయ ఒడంబడికకు విరుద్ధం. ఈ సంగతి తెలియక, పొలం తాకట్టు పెట్టి దళారుల చేతిలో డబ్బు పోసి మోసపోయే కుటుంబాలు ఉండటం విచారకరం.

2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన నావికుల ఒడంబడిక 2013లో అమలులోకి వచ్చింది. 2015లో భారతదేశం దానిని అంగీకరించింది. దాని ప్రకారం ఇరవై నాలుగు గంటలలో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. రోజువారీ విశ్రాంతిని రెండు భాగాలుగా మాత్రమే విడదీయవచ్చు. వాటిలో ఒకటి ఆరు గంటలకు తగ్గరాదు. లెక్క తిరగవేసి చూస్తే పని ఎంతసేపు ఉండగలదో విద్యార్థులకే బోధపడుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల వరకు సాగే ఒప్పందకాలంలో ఆదివారమన్న మాట చాలామందికి ఉండదు.

ఇటువంటి నౌకలోని వంటశాలలో పనిచేసే ఒక కాకినాడ యువకుణ్ణి ఊహించవచ్చు. హిందూ మహాసముద్రంలో విహారయాత్రల కాలం సాగుతోంది. తెల్లవారుజామున నౌక మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవు చేరింది. ఎదుట ‘లె పూస్’ పర్వతం. ఆ పేరుకు ఫ్రెంచి భాషలో బొటనవేలు అని అర్థం. శిఖరం చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఈ దీవి చుట్టూ పగడపు దిబ్బలు చాలామేరకు ఆవరించి ఉన్నాయి. అల ఆ దిబ్బ మీద విరిగి, లోపలి నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. ప్రయాణికులు ఉత్సాహంగా దిగిపోయారు. ఆ సమయంలో అతడు ఉదయపు అల్పాహారపు పళ్ళేలు సర్దుతున్నాడు.

పదకొండు గంటలకు అతనికి విరామం. మూడు గంటలకల్లా తిరిగి రావాలి. ఓడ రేవులో ఉన్నా, ప్రమాదం వస్తే ఎదుర్కొనేందుకు ఉద్యోగులలో కొందరు ఓడలోనే ఉండి తీరాలి. ఈసారి ఆ వంతు అతనిది కాదు. ఈ నాలుగు గంటలను ఎలా గడపాలి? నిద్రపోవచ్చు, చాలామంది అదే చేస్తారు. గుర్తింపు కార్డు చూపి అతడు ఒడ్డుకు దిగాడు. నావికుడు ఒడ్డున అడుగుపెట్టగానే మొదట వెతికేది చెట్టునీడ కాదు, ఫోను సిగ్నలు. ఈ ఆరాటం చిన్నది కాదు. 2020 జులైలో ‘వకాషియో’ అనే సరుకు ఓడ ఈ దీవి ఆగ్నేయతీరంలో పగడపు దిబ్బనెక్కి, సుమారు వెయ్యి టన్నుల తైలం కడలిలో కలిసింది. సిగ్నలు కోసమే ఓడను తీరానికి దగ్గరగా నడిపారని దర్యాప్తులో వెల్లడైంది.

“ఏరా, తిన్నావా? ఏ ఊళ్ళో ఉన్నావు?” అని తల్లి అడిగింది.

“మారిషస్‌లోనమ్మా.”

“అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

“లేరమ్మా” అన్నాడతడు.

ఆ సమాధానం తప్పు. అతడు నిలబడిన చోటి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. దానికి కొంచెం ముందే, 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చింది. అది మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది ఒప్పందపు కూలీలు ఈ రేవులో దిగారు. 1849లో కట్టడం ప్రారంభించిన వలసదారుల కేంద్రపు శిథిలాలే ఆప్రవాసీ ఘాట్. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ వచ్చినవారిలో తెలుగువారున్నారు. 1843లో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో ఇక్కడికి వచ్చింది. ఆ రేవు పేరు మీదనే తెలుగువారిని ఈ దీవిలో కోరంగీలన్నారు. కోరంగి నుంచి కాకినాడ ఎంత దూరమో ఆ యువకునికి వేరే చెప్పనక్కరలేదు. నెలకు ఐదు రూపాయల జీతం, ఐదేళ్ళ ఒప్పందం. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోత. ప్రతి వలసదారునికీ ఒక సంఖ్య కేటాయించేవారు. దొరల గుమస్తాలు చెవికి సోకినట్లు రాసుకున్న పేర్లే తరువాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. ఫ్రెంచి భాషలో రాసే మారిషస్ రచయిత్రి నతాషా అప్పనా ఇంటిపేరులో ‘అప్పన్న’ స్పష్టంగా వినిపిస్తాడు. 2003లో వెలువడిన ఆమె తొలి నవలకు ఈ కూలీల వలసే ఇతివృత్తం. ఈ దీవిలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే. అయినా తెలుగు ఇళ్ళలో నేడు నిత్యవ్యవహారం ఎక్కువగా క్రియోల్ భాషలోనే సాగుతుంది. తెలుగు బడిలో నేర్చుకునే భాషగా, పూజలో, పాటలో మిగిలింది.

నాటి కూలీనీ నేటి నౌకోద్యోగినీ ఒకే గాట కట్టడం సరికాదు. ఇతడు చదువుకున్నవాడు. చదివి సంతకం చేసిన ఒప్పందపత్రం ఇతని చేతిలో ఉంది. తిరుగు ప్రయాణం ఖర్చు యజమాని భరించాలని చట్టం చెబుతుంది. ఆనాటి మనిషికి ఎక్కడికి పోతున్నాడో కూడా తెలియదు. ఐదేళ్ళు గడిచినా చాలామంది తిరిగి రాలేదు. కాని ఇంటివారి ముఖాలు చూడక గడిపిన నెలలు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి. 2020లో కరోనా వ్యాపించి విహారనౌకలు నిలిచిపోయినప్పుడు వేలాది ఉద్యోగులు ప్రయాణికులు లేని ఓడలలో నెలల తరబడి చిక్కుకుపోయారు. వారిలో భారతీయులూ ఉన్నారు.

యువకుడు వీధి అంగడిలో ధాల్ పురీ కొన్నాడు. ఉడికించిన పప్పు నింపి పలుచగా ఒత్తిన రొట్టె అది. రెండేసి చొప్పున కూరతో చుట్టి ఇస్తారు. తింటూ నడుస్తూ ఘాట్ ముందుకు వచ్చాడు. పలకమీది రాతలు చదివాడు. రాతిమెట్లు చూశాడు. గడియారం చూశాడు. రెండు గంటలు దాటింది. తల్లికి మళ్ళీ ఫోను చేశాడు.

“మనవాళ్ళున్నారమ్మా. చాలామందే ఉన్నారు.”

“కలిశావా?”

“టైము లేదమ్మా.”

మూడు కావడానికి పది నిమిషాల ముందు ఓడ మెట్లదగ్గర అతని కార్డు కీచుమంది. సాయంత్రం లంగరెత్తేటప్పుడు ప్రయాణికులు పై అంతస్తున చేరి, ఎర్రబారిన కొండలను ఫోటోలు తీసుకున్నారు. అతడు రాత్రి భోజనానికి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆ వంటశాలకు కిటికీలు లేవు. ఓడ కదిలిందన్న సంగతి కాళ్ళ కింది నేల చెప్పింది.