పాత వెండి స్మారక నాణెములు: మెరుపు వేరు, మెరుగు వేరు

ఒక మహనీయుని గాని, ఒక ముఖ్య సంఘటనను గాని ప్రజలు కలకాలము జ్ఞాపకముంచుకొనుటకై ప్రభుత్వము ముద్రించు నాణెమును స్మారక నాణెమందురు. స్వతంత్ర భారతదేశమున 1964లో నెహ్రూ స్మృత్యర్థము వెలువడిన రూపాయి, అర్ధరూపాయి నికెలుతో చేసినవి. వెండితో వచ్చిన మొదటిది 1969లో గాంధీ శతజయంతికి వెలువడిన పది రూపాయల నాణెము. దాని బరువు 15 గ్రాములు. అందు నూటికి 80 పాళ్ళు వెండి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవమునకు వచ్చిన పది రూపాయల నాణెము 22.5 గ్రాములు తూగును గాని, అందు వెండి సగమే. అనగా చిన్న నాణెమున 12 గ్రాముల వెండి యుండగా, పెద్దదానియందు 11.25 గ్రాములే కలదు.

దువ్వూరు ప్రాంతమున పెద్దలు దాచిన ఇట్టి నాణెములు అవసరము వచ్చినపుడు ప్రొద్దుటూరు వెండి అంగళ్ళకు చేరుచుండును. అచ్చటి త్రాసు వెండి తూకమును చెప్పును. నాణెపు స్థితిని చెప్పదు. చెడక నిలిచిన నాణెమునకు సేకరణకర్తలు వెండి ధరకు మించి ఇత్తురు. నల్లబడినదని చింతపండుతో తోమి తీసికొనిపోయినచో ఆ యధిక మూల్యము దక్కుట అరుదు. కావున నాణెమును పరీక్షించు విధానము విద్యార్థులు తెలిసికొనదగినది.

మొదట చూడవలసినది అరుగుదల. చేతులు మారినకొలది ఎత్తైన భాగములే ముందుగా అరుగును. గాంధీ నాణెమున చెంప, చెవి, రెండవవైపున సింహముల ఎదభాగము పరిశీలింపవలెను. దానిపైనున్న 1869–1948 అను అంకెలు మహాత్ముని జీవితకాలమును తెల్పునవి. ముద్రణ సంవత్సరమును కావు.

రెండవది మెరుపు. అచ్చుల ఒత్తిడికి లోహము మధ్యనుండి అంచునకు ప్రాకునపుడు దానిపై అతిసూక్ష్మమైన రేఖలు ఏర్పడును. వాడని నాణెమును దీపము క్రింద వంచి త్రిప్పినచో, ఆ రేఖలవలన వెలుగు బండిచక్రపు ఆకులవలె తిరుగును. ఇదియే సహజమైన మెరుపు. రుద్దినచో ఆ రేఖలు చెడి, వెలుగు తిరుగుట మానును. అపుడు మిగులునది మెరుగు మాత్రమే.

మూడవది నలుపు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అను పొరగా మారును. అది మొదట పసుపువన్నెగా, పిదప గోధుమ, నీలి వన్నెలుగా, తుదకు నలుపుగా కన్పట్టును. ఈ పొర పైనుండి వచ్చి పడిన మురికి కాదు. నాణెపు వెండినుండియే పుట్టినది. కావున దానిని తోమివేయుట యనగా కొంత వెండిని తోమివేయుటయే. విబూది, పండ్లపొడి సన్నని గీతలు పెట్టును. థయోయూరియా, ఆమ్లము కలిసిన ద్రావకమున ముంచినచో గీతలు పడవు గాని, పలుమార్లు ముంచగా మెరుపు నశించును.

పూర్వము తోమిన నాణెమును గుర్తించుటకు ఈ లక్షణములు తోడ్పడును:

1. భూతద్దముతో చూడగా సన్నని గీతలు ఒకే దిశలో సాగుట. వాడుకలో పడిన గీతలు అన్ని దిక్కులకును పోవును.

2. చెంప, చెవి అరిగియుండియు నాణెమంతయు తెల్లగా ధగధగలాడుట. అరిగిన వెండి సాధారణముగా బూడిదవన్నె దాల్చును. అరుగుదలయు తెలుపును ఒకచోట కలిసినచో అనుమానింపవలెను.

3. అక్షరముల మూలలలో తెల్లని పొడి నిలిచియుండుట.

4. అంచున ఒకచోట ఆకురాయి జాడ యుండుట. మెడలో ధరించుటకు అతికిన కొక్కెమును తీసివేసిన గుర్తు అది కావచ్చును.

నాణెమును ఎల్లపుడు అంచులందే పట్టుకొనవలెను. మట్టి యంటినచో మంచినీట కడిగి, రుద్దక, మెత్తని గుడ్డపై అద్ది ఆరనీయవలెను. రబ్బరు బ్యాండ్లలో గంధకము, పి.వి.సి. కవర్లలో హానికర పదార్థములు ఉండును గనుక వాటిని దూరముగ నుంచవలెను. అమ్మునపుడు నాణెము తోమినదైనచో ఆ సంగతి కొనువానికి ముందే చెప్పుట ధర్మము.

మిత్రులారా! ఇంట నల్లని నాణెము కన్పించినచో వెంటనే చింతపండుకై వెదుకక, ముందు భూతద్దముతో చూడుడు. తోమిన నాణెమునకు నలుపు మరల వచ్చును గాని, పోయిన మెరుపు మరల రాదు.