దూరం ఒకటే, కాలం వేరు!

గ్లోబు మీద టోక్యో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల మధ్య దారం బిగించి చూడండి. అదే అతి దగ్గర దారి. సుమారు 8,300 కిలోమీటర్లు. విమానం అటు తొమ్మిదిన్నర గంటల్లో పోతే, తిరిగి రావడానికి పదకొండు గంటలు పడుతుంది. ఎందుకని? పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దీన్ని జెట్ ప్రవాహం అంటారు.

లెక్క కడదాం. ఎక్కడం, దిగడం వదిలేసి, విమాన వేగం గంటకు 900, గాలి వేగం 100 కిలోమీటర్లు అనుకోండి. పోయేటప్పుడు వేగం 1,000, కాలం 8.3 గంటలు. వచ్చేటప్పుడు వేగం 800, కాలం 10.4 గంటలు. మొత్తం 18.7 గంటలు. గాలే లేకపోతే 18.4 గంటలే!

గాలి వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువన్నమాట. విమానం ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండటమే కారణం. ఇదే లెక్క ఏటిలో పడవకు కట్టి చూడండి.