మార్పు చేప

మార్పు చేపను మీరు చూసే ఉంటారు. నల్లగా, నున్నగా ఉంటుంది. ఒంటి మీద పొలుసులు ఉండవు. నోటి చుట్టూ 8 మీసాలు ఉంటాయి. పట్టుకుంటే జారిపోతుంది. చెంపల పక్క రెక్కల్లో గట్టి ముల్లు ఉంటుంది. అది గుచ్చుకుంటే భలే సలుపు!

ఈ చేప ఎక్కడ ఉంటుంది? చెరువుల్లో, కుంటల్లో, వరి మళ్లల్లో ఉంటుంది. బురద నీళ్లంటే దానికి ఇష్టం. అలాంటి నీళ్లల్లో గాలి తక్కువ. చాలా చేపలు అక్కడ బతకలేవు. మార్పు ఎలా బతుకుతుంది? దాని మొప్పల పైన చిన్న చెట్టు కొమ్మల్లాంటి భాగం ఉంది. నీటి పైకి వచ్చి నోటితో గాలి మింగుతుంది. ఆ భాగంతో గాలి పీల్చుకుంటుంది. అందుకే ఒడ్డున వేసినా, తడి ఉంటే గంటల తరబడి చావదు.

ఎండాకాలంలో కుంట ఎండుతుంది. అప్పుడు మార్పు బురదలో దూరి వాన కోసం కాచుకుంటుంది. వాన పడిన రాత్రి తడి నేల మీద పాకుతూ ఇంకో కుంటకు పోతుంది. తెల్లారి గట్టు మీద చేప కనబడితే "చేపల వాన పడింది" అంటారు కొందరు. అది పాకి వచ్చిన మార్పే కావచ్చు!

వానాకాలంలో గట్టు పక్క గుంటల్లో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకు కాపలా ఎవరనుకున్నారు? మగ చేప!

ఇప్పుడు సంతకు పోదాం.

"అవ్వా, ఇది మార్పేనా?"

"మార్పే తల్లీ. చూడు, రెండు కిలోలుంది!"

అక్కడే అనుమానపడాలి. మన మార్పు మామూలుగా జానెడు, జానెడున్నర ఉంటుంది. కిలోల్లో తూగేది ఆఫ్రికా చేప. దాన్నే క్యాట్‌ఫిష్ అంటున్నారు. అది మీటరు పొడవు కూడా పెరుగుతుంది. చెరువులో పడితే చిన్న చేపలన్నిటినీ మింగేస్తుంది. కొందరు దాన్ని కుళ్లిన కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతారు. మన దేశంలో 2000 సంవత్సరంలోనే దాని పెంపకాన్ని నిషేధించారు. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. అమ్మే అవ్వకు కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆమెను తిట్టి లాభం లేదు.

"చిన్న మార్పులు లేవా అవ్వా?"

"ఎక్కడివి తల్లీ? కుంటలు పూడ్చేశారు. మళ్లల్లో పురుగు మందు కొడుతున్నారు. నా చిన్నప్పుడు తట్టలకొద్దీ పట్టేవాళ్లం. ఈ ఏడు నాలుగే దొరికాయి. పొద్దున్నే అమ్ముడైపోయాయి."